ఓపికతో పరుగెత్తిన అమ్మాయి

పోలియో అంటే ఏమిటో మన పల్లెల్లోని పెద్దవాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. నాలుగు రోజుల జ్వరం, జ్వరం తగ్గేసరికి చచ్చుబడిన కాలు, ఆ మీదట జీవితమంతా చేతికర్ర. ఒకప్పుడు ఏ ఊరికి వెళ్ళినా అలాంటివారు ఒకరిద్దరైనా కనిపించేవారు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో కార్యక్రమం మొదలైంది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో ఒక చిన్నారికి సోకిన తరువాత సహజంగా వ్యాపించే పోలియో వైరస్ మన దేశంలో మరి ఎవరికీ సోకలేదు. 2014 మార్చి 27న భారతదేశం ఆ వైరస్ నుండి విముక్తి పొందినట్లు ధృవపత్రం వచ్చింది. ఎంత మేలు జరిగిందో ఆ జబ్బు చేసిన నష్టాన్ని కళ్ళారా చూసినవారికే బాగా తెలుస్తుంది.

అలాంటి పోలియో వలన ఎడమకాలు చచ్చుబడిన ఒక పసిపిల్ల పెరిగి పెద్దదై, ప్రపంచంలో అందరికంటె వేగంగా పరుగెత్తే స్త్రీ అనిపించుకుంది. ఆమె పేరు విల్మా రుడాల్ఫ్. మూడు బంగారు పతకాలు సంపాదించిన క్రీడాకారిణిగా లోకం ఆమెను జ్ఞాపకం ఉంచుకుంది. అయితే కుటుంబాలుగా మనం నేర్చుకోవలసింది ఆ పతకాలకు ముందు గడిచిన సంవత్సరాలలో ఉంది.

ఇరవయ్యో బిడ్డ

విల్మా 1940 జూన్ 23న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, క్లార్క్స్‌విల్ పట్టణం దగ్గర పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ. బరువు రెండు కిలోలు. తండ్రి ఎడ్ రుడాల్ఫ్ రైల్వేలో పోర్టరు. తల్లి బ్లాంచ్ తెల్లవారి ఇళ్ళలో పనిచేసేది. తండ్రికి రెండు వివాహాల ద్వారా కలిగిన 22 మంది పిల్లలలో విల్మా ఇరవయ్యవది. భక్తిగల బాప్టిస్టు కుటుంబం. కష్టపడి పనిచేసినా రాబడి మాత్రం అంతంతే.

పేదరికానికి తోడు వారు నల్లజాతివారు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లవారికి వేరే బడులు, వేరే ఆసుపత్రులు. బస్సులో వెనుక సీట్లలోనే కూర్చోవాలి. అంటరానితనం అంటే ఏమిటో ఎరిగిన మన పల్లెలకు ఈ సంగతి విడమరచి చెప్పవలసిన పని లేదు.

పసితనంలోనే విల్మాకు జబ్బు మీద జబ్బు వచ్చింది. న్యుమోనియా, స్కార్లెట్ జ్వరం, చివరికి పోలియో. ప్రాణం దక్కింది కాని ఎడమకాలు బలం కోల్పోయి వంకర తిరిగింది. పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను చంపుతుంది. ఆజ్ఞ అందని కండరం క్రమంగా ఎండిపోతుంది. చచ్చిపోయిన ఆ కణాలను తిరిగి బ్రతికించే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. టీకా కూడా 1955 వరకు రాలేదు. ఈ పిల్ల ఇక నడవదని వైద్యులు అన్నారు. నడుస్తావని తల్లి అన్నది. తాను తల్లి మాటనే నమ్మానని విల్మా పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నది.

యాభై మైళ్ళ ప్రయాణం

తల్లి మాట ఉత్త ఓదార్పు మాట కాదు. నల్లవారికి వైద్యం చేసే పెద్ద ఆసుపత్రి 50 మైళ్ళ దూరంలో, అంటే దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో నాష్‌విల్ నగరంలో ఉంది. అది నల్లవారి వైద్య కళాశాల అయిన మెహారీకి చెందినది. బ్లాంచ్ వారానికొకసారి బిడ్డను తీసుకొని బస్సెక్కేది. రాకపోకలకు ఆ రోజంతా సరిపోయేది. పని చేయని రోజుకు కూలి రాదు. అయినా రెండేళ్ళపాటు ఆ ప్రయాణం సాగింది.

అంతటితో సరిపోలేదు. కాలికి మర్దన, వ్యాయామం రోజూ జరగాలి, అదీ రోజుకు నాలుగుసార్లు. ఎలా చేయాలో ఆసుపత్రివారు తల్లికి నేర్పారు. ఆమె ఇంటికి వచ్చి పెద్ద పిల్లలకు నేర్పింది. అప్పటినుండి ఆ ఇంట్లో అన్నలు, అక్కలు వంతులవారీగా చెల్లెలి కాలు పట్టేవారు. ఒకరు అలసిపోతే మరొకరు వచ్చేవారు.

ఈ మర్దన ఏం చేస్తుంది? చనిపోయిన నరాన్ని అది లేపలేదు. కాని కీళ్ళు బిగుసుకుపోకుండా కాపాడుతుంది. ప్రాణంతో మిగిలిన నరాల కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండరాలలో కొన్నింటిని తమ అధీనంలోకి తెచ్చుకుంటాయి. అలా తిరిగి ఆజ్ఞ అందుకున్న కండరానికి వ్యాయామం బలం ఇస్తుంది. ఇది ఒక్కరోజులో కంటికి కనిపించే పని కాదు. నిన్నటికీ నేటికీ తేడా తెలియదు. నెల గడిచినా తెలియకపోవచ్చు. తేడా కనిపించని రోజున కూడా పని మానకుండా చేయడమే ఓపిక.

ఆ ఇంట్లో ప్రార్థన ఉంది. అయితే ఆ తల్లి ప్రార్థించి చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ప్రార్థించింది, బస్సూ ఎక్కింది. ఈ రెండింటిలో ఒకటి ఉంటే రెండవది అక్కరలేదని ఆమె ఏనాడూ అనుకోలేదు.

పట్టీ లేని ఆదివారం

కాలికి ఇనుప పట్టీ బిగించిన బిడ్డ తోటి పిల్లలకు వేళాకోళం. మిగిలిన పిల్లలు బడికి వెళ్తుంటే విల్మా ఇంట్లోనే ఉండిపోయేది. ఏడేళ్ళ వయసులోగాని బడి ముఖం చూడలేదు. అమ్మా నాన్నా ఇంట్లో లేని సమయం చూసి పట్టీ విప్పి నడక అభ్యాసం చేసేది. ఎవరైనా వస్తున్నారేమోనని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కాపలా కాసేవారు.

ఆమెకు తొమ్మిదేళ్ళు దాటిన తరువాత, పట్టీ లేకుండా నడిచి అందరిముందు మందిరంలోకి వెళ్ళింది. తనను ఇంతకాలం జాలిగా చూసిన సంఘస్థులందరూ చూస్తుండగా తన కాళ్ళమీద తాను నడవడం తనకు ఎంతో ముఖ్యమైన ఘట్టమని ఆమె తరువాత చెప్పుకున్నది. ఆ తరువాత కూడా కొంతకాలం అప్పుడప్పుడు పట్టీ అవసరమయ్యేది. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ అవసరం పూర్తిగా తీరింది. తల్లి ఆ ఇనుప పట్టీని మూటగట్టి పోస్టులో నాష్‌విల్ ఆసుపత్రికి తిరిగి పంపించివేసింది.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పోలియో సోకిన బిడ్డలందరి కాళ్ళూ ఇలా బాగుపడవు. ఎన్ని నరాల కణాలు మిగిలాయన్నదానిమీద అది ఆధారపడి ఉంటుంది. విల్మా కంటె ఎక్కువ ఓపిక పట్టి కూడా చేతికర్రతోనే జీవితమంతా నడిచినవారు వేలాదిమంది ఉన్నారు. వారి ఓపిక తక్కువదనిగాని, వారి తల్లుల విశ్వాసం చాలలేదనిగాని ఎవరూ అనకూడదు. కాలు రాకపోయినా చదువుకొని, ఉద్యోగం చేసి, ఇల్లు నిలబెట్టుకొన్నవారు కూడా తమ పందెం గెలిచినవారే.

ఓటమి నేర్పిన పాఠం

హైస్కూలులో విల్మా అక్క అడుగుజాడలలో బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. చేరిందే గాని ఆట దొరకలేదు. చాలాకాలం బెంచీమీద కూర్చొని ఇతరుల ఆట చూడడమే ఆమె పని అయింది. ఎప్పుడు చూసినా చుట్టూ ముసురుకుంటూ నన్నాడించండి అని అడిగే ఈ పిల్లకు కోచ్ క్లింటన్ గ్రే దోమ అనే అర్థం వచ్చే ‘స్కీటర్’ అని ముద్దుపేరు పెట్టాడు. అవకాశం వచ్చిన తరువాత ఆమె ఆటను ఆపగలిగినవారు లేకపోయారు. ఒక పోటీకి రిఫరీగా వచ్చిన ఎడ్ టెంపుల్ ఆమె పరుగు చూశాడు. ఆయన నాష్‌విల్‌లోని టెన్నెసీ స్టేట్ విశ్వవిద్యాలయంలో అమ్మాయిల పరుగు జట్టుకు కోచ్. వేసవి శిక్షణకు రమ్మని పిలిచాడు. కాలికి వైద్యం కోసం తల్లి తీసుకెళ్ళిన ఊరికే ఇప్పుడు పరుగు నేర్చుకోవడానికి విల్మా బయలుదేరింది.

దానికి ముందు ఒక పెద్ద దెబ్బ తగిలింది. తన చుట్టుపక్కల బడుల పోటీలలో పెద్దగా శ్రమపడకుండానే అందరినీ ఓడించిన విల్మా, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో జరిగిన పెద్ద పోటీలకు వెళ్ళింది. అక్కడికి దక్షిణ రాష్ట్రాలనుండి శిక్షణ పొందిన అమ్మాయిలు వచ్చారు. విల్మా పాల్గొన్న ప్రతి పందెంలోనూ ఓడిపోయింది. ఒక్కటి కూడా గెలవలేదు. చాలా కృంగిపోయింది.

జబ్బు వలన కలిగే కష్టం వేరు, ఓటమి వలన కలిగే కష్టం వేరు. జబ్బులో ఉన్నప్పుడు అందరూ జాలిపడతారు, సాయం చేస్తారు. ఓడిపోయినప్పుడు తనకు తానే చాలనివాడినని మనిషి అనుకుంటాడు. మొదటి కష్టాన్ని దాటినవారు కూడా రెండవదాని దగ్గర చతికిలబడుతుంటారు. పుట్టుకతో వచ్చిన శక్తి ఒక్కటే చాలదని, దానికి సాధన తోడు కావాలని ఆ ఓటమిలో తాను నేర్చుకున్నానని విల్మా చెప్పింది. గెలవడం తెలిసినవారికంటె ఓడిపోయిన తరువాత మళ్ళీ వచ్చి గెలవగలిగినవారే గొప్పవారని ఆమె అభిప్రాయం.

టెంపుల్ మంచివాడే గాని కఠినుడు. సాధనకు ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని చుట్లు అదనంగా మైదానం చుట్టూ పరుగెత్తాలి. ఒకరోజు విల్మా నిద్రలేవక 30 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. 30 చుట్లు తప్పలేదు. మరునాడు ఆమె అరగంట ముందే వచ్చి కూర్చుంది!

1956లో పదహారేళ్ళ ప్రాయంలో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టులో ఎంపికైంది. 200 మీటర్ల పందెంలో తొలిదశలోనే వెనుదిరిగింది. నలుగురు కలిసి పరుగెత్తే రిలేలో మాత్రం జట్టుతోపాటు కంచు పతకం అందుకున్నది. ఇంటికి తిరిగి వచ్చి ఆ పతకాన్ని తోటి విద్యార్థులకు చూపించింది. మరుసటి ఒలింపిక్స్‌లో బంగారు పతకం తేవాలని తనలో తాను తీర్మానించుకున్నది. దానికి నాలుగేళ్ళు ఆగాలి.

మూసుకోబోయిన తలుపు

ఆ నాలుగేళ్ళలో విల్మా జీవితంలో మరొక పరీక్ష వచ్చింది. ఇటువంటి వ్యాసాలలో దీనిని దాటవేయడం కద్దు. కాని ఆమె తన ఆత్మకథలో దాచలేదు గనుక మనమూ దాచనక్కరలేదు. హైస్కూలు చివరి సంవత్సరంలో ఆమె గర్భవతి అయింది. 1958లో వివాహం కాకుండానే ఒక ఆడపిల్లకు తల్లి అయింది. పద్ధెనిమిదేళ్ళ పిల్ల. ఆనాటి సమాజంలో చదువు, ఆట, గౌరవం అన్నీ అక్కడితో ముగిసిపోవలసిన పరిస్థితి. తల్లులైనవారిని జట్టులో చేర్చుకోకూడదన్నది టెంపుల్ పెట్టుకున్న నియమం కూడా.

ఇంట్లో తల్లిదండ్రులు ఏం చేశారు? బిడ్డను వీధిలోకి నెట్టలేదు. పసిపాపను చూసుకునే భారం ఇంటివారు తలకెత్తుకొని విల్మాను చదువుకు పంపారు. టెంపుల్ తన నియమాన్ని సడలించి ఆమెను జట్టులో చేర్చుకున్నాడు. ఆ సంవత్సరమే ఆమె టెన్నెసీ స్టేట్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టింది.

చేసినది ఒప్పు అని ఆ తల్లిదండ్రులు అనలేదు. నీ పని అయిపోయింది అని మాత్రం అనలేదు. ఈ రెండింటికీ తేడా తెలియని కుటుంబాలు, సంఘాలు ఎందరి ఆడపిల్లల జీవితాలను నలిపివేశాయో మనకు తెలుసు. పోలియో కాలును రోజుకు నాలుగుసార్లు పట్టిన చేతులే ఆమె తడబడినప్పుడు కూడా పట్టుకున్నాయి. అవి ఆనాడు విడిచిపెట్టి ఉంటే రోములో గెలిచే విల్మా ఉండేది కాదు.

రోము నగరంలో

1960 ఒలింపిక్స్‌కు ముందు జూలైలో విల్మా 200 మీటర్లను 22.9 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ దూరాన్ని 23 సెకన్లకంటె తక్కువ సమయంలో పరుగెత్తిన మొదటి స్త్రీ ఆమె. కాని రోముకు చేరాక, పోటీలు జరగబోతుండగా గుంటలో కాలు పడి చీలమండ బెణికింది. అంతమాత్రాన ఆమె వెనుకకు తగ్గలేదు.

సెప్టెంబర్ 2న 100 మీటర్ల తుదిపోటీలో 11 సెకన్లలో గమ్యం చేరింది. వెనుకనుండి గాలి వీచిన కారణంగా అది రికార్డుల లెక్కలోకి రాలేదు. పతకం మాత్రం బంగారమే. సెప్టెంబర్ 5న 200 మీటర్లలో రెండవ బంగారు పతకం.

ఇక మిగిలినది నాలుగు వందల మీటర్ల రిలే. నలుగురు తలా 100 మీటర్లు పరుగెత్తుతూ చేతిలోని బాటన్ అనే చిన్న గొట్టాన్ని తరువాతివారికి అందించాలి. మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, చివరగా విల్మా. నలుగురూ టెంపుల్ శిష్యులే. బార్బరా చేతినుండి బాటన్ అందుకునేటప్పుడు విల్మా చెయ్యి తడబడింది. బాటన్ దాదాపు జారిపోయింది. ఆ క్షణంలో ప్రత్యర్థులు ముందుకు వెళ్ళారు. విల్మా బాటన్‌ను గట్టిగా పట్టుకొని వారిని వెన్నాడి, దాటి, గీత చేరింది. 44.5 సెకన్లు. మూడవ బంగారు పతకం. ఒకే ఒలింపిక్స్‌లో పరుగు పందెములలో మూడు బంగారు పతకాలు గెలిచిన మొదటి అమెరికా స్త్రీ ఆమె.

ఊరేగింపుకు ఒక షరతు

క్లార్క్స్‌విల్ పట్టణం ఆమెకు ఘనస్వాగతం ఇవ్వాలనుకున్నది. అయితే తెల్లవారు ఒకవైపు, నల్లవారు ఒకవైపు అనే ఆచారం ప్రకారమైతే తాను రానని విల్మా చెప్పింది. ఇరవయ్యేళ్ళ పిల్ల మాటకు ఊరి పెద్దలు దిగివచ్చారు. 1960 అక్టోబర్ 4న జరిగిన ఆ ఊరేగింపులోనూ, ఆ రాత్రి విందులోనూ తెల్లవారు, నల్లవారు కలిసి పాల్గొన్నారు. ఆ పట్టణ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. బస్సులో వెనుక సీట్లో తల్లి ఒడిలో కూర్చుని ప్రయాణం చేసిన పిల్ల ఇప్పుడు ఊరందరినీ ఒక బల్లవద్ద కూర్చోబెట్టింది.

పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. ఆ రోజులలో ఒలింపిక్ క్రీడాకారులు ఆటద్వారా సంపాదించకూడదు. 1962లో ఆమె పరుగు పందెములకు స్వస్తి చెప్పింది. 1963లో పట్టా పుచ్చుకొని, తాను చిన్నప్పుడు చదివిన ప్రాథమిక పాఠశాలలోనే టీచరుగా చేరింది. నలుగురు బిడ్డలను పెంచుతూ, ఒక ఉద్యోగంనుండి మరొక ఉద్యోగానికి మారుతూ చాలా సంవత్సరాలు గడిపింది. 1981లో పేద పిల్లలకు ఆటలు నేర్పడానికి తన పేరుమీద ఒక సంస్థను స్థాపించింది. 1994 నవంబర్ 12న క్యాన్సర్ వ్యాధితో 54 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

మన ఇంటి పందెం

విశ్వాస జీవితాన్ని పరుగు పందెంతో పోల్చడం మనకు కొత్త కాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయంలోను, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలోను ఆ పోలికను మనం చదువుతాము. అయితే పందెం అనగానే మనకు వేగమే గుర్తుకు వస్తుంది. విల్మా గెలిచిన మూడు పందెములకు పట్టిన సమయాన్నంతా కలిపినా ఒకటిన్నర నిమిషానికి లోపే. ఆ నిమిషంన్నర వెనుక ఎన్ని బస్సు ప్రయాణాలు, ఎన్ని వేల మర్దనలు ఉన్నాయో లెక్కవేయండి.

ప్రియ చదువరులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి పని ఒకటి నడుస్తూ ఉండవచ్చు. పక్షవాతం వచ్చిన తండ్రికి రోజూ చేయించే వ్యాయామం, మందులు మానకుండా వాడవలసిన క్షయరోగం, చదువు ఒంటబట్టని పిల్లవాడిదగ్గర రాత్రిపూట కూర్చోవడం, పరీక్ష తప్పిన కుమార్తెచేత మళ్ళీ ఫీజు కట్టించడం. ఈరోజు చేసినదానికి ఈరోజు ఫలితం కనిపించదు. ‘ఎందుకొచ్చిన శ్రమ’ అనిపించే రోజులు వస్తాయి. ఆ భారమంతా ఒక్కరిమీద, సాధారణంగా తల్లిమీద పడినప్పుడు ఆ మాట మరీ త్వరగా వస్తుంది.

రుడాల్ఫ్ కుటుంబం ఆ భారాన్ని వంతులు వేసి పంచుకున్నది. మనమూ అలా చేయవచ్చు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక అందరూ లేచిపోకముందే ఆ మాట ఎత్తండి. ఉదయం ఎవరు చేస్తారు, సాయంత్రం ఎవరు చేస్తారు, ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారు అని పేర్లు చెప్పుకోండి. చిన్నపిల్లలకు కూడా వారికి తగిన వంతు ఒకటి ఇవ్వండి. రేపు ఉదయం ఎవరి వంతో తెలిసిన తరువాతనే నిద్రపొండి.